పాత కారుకి చరిత్ర ఫైలు కట్టడం ఎలా: విశాఖ యజమానుల కోసం

1964 ఫియట్ ఒకటి అమ్మకానికి వస్తుంది. “సింగిల్ ఓనర్ అండీ, డాక్టరు గారి బండి, ఇంజిన్ ఒరిజినల్” అంటాడు బ్రోకరు. మూడు మాటలకీ ఆధారం ఏదని అడిగితే సి బుక్ జిరాక్సు ఒకటి చేతిలో పెడతాడు. అందులో రెండో పేజీ ఉండదు. ఆ కారు అబద్ధమని కాదు, నిజమో కాదో తేల్చుకునే దారి లేదంతే.

చరిత్ర ఫైలు అంటే కాగితాల కట్ట కాదు. కారు గురించి మనం చెప్పే ఒక్కో మాటా దేని మీద నిలబడిందో చూపించే లెక్క. సాక్షులు మూడు రకాలు: ఇనుము, కాగితం, మనిషి. ముగ్గురూ ఒకే మాట చెబితే అది గట్టి విషయం. ఒక్కరే చెబితే ఒక్కరే చెప్పారని రాయాలి. ఎవరూ చెప్పకపోతే ఆ జాగా ఖాళీగా వదలాలి. కొనేవాళ్లు ఖాళీని క్షమిస్తారు గానీ, ఊహించి నింపిన ఒక్క గీత దొరికిందంటే మిగతా ఫైలునంతా అనుమానంగానే చూస్తారు.

కావలసినవి ఎక్కువేం లేవు. 200 పేజీల గట్టి అట్ట రిజిస్టరు, 2బి పెన్సిలు, స్కానరు, పాలీప్రొపిలీన్ కవర్లు 50, గాలి చొరని మూత ఉన్న 20 లీటర్ల డబ్బా, సిలికా జెల్. వీటితో పాటు రెండు మూడు నెలల ఓపిక.

మొదటి అడుగు: ఇనుము చెప్పేది రాసుకోండి

చాలామంది కాగితాలతో మొదలుపెడతారు. అలా చేస్తే కాగితంలో ఉన్న నంబరే కంటికి ఇనుము మీద కూడా కనిపిస్తుంది. అరిగిన 3ని 8గా చదివేస్తాం. కాబట్టి సి బుక్ బీరువాలోనే ఉంచి, ముందు బండి దగ్గరకి వెళ్లండి.

ఛాసిస్ నంబరు రెండు చోట్ల ఉంటుంది: రివెట్లతో బిగించిన రేకు ప్లేటు మీద, లోహంలోకి గుద్దిన అంకెల్లో. ప్లేటు ఊడుతుంది, మారుతుంది, కొత్తది చేయించుకోవచ్చు. గుద్దిన అంకెలకే విలువ. అంబాసిడర్‌కీ ఫియట్ 1100కీ విడిగా ఛాసిస్ ఫ్రేము లేదు, బాడీయే ఛాసిస్. ఉప్పుగాలికి ఫ్లోరు తిని, టింకరింగ్‌లో ఆ భాగం కోసి కొత్త రేకు వేసినప్పుడు నంబరున్న ముక్క పాత ఇనుములోకి పోయిన బండ్లున్నాయి. స్టాండర్డ్ హెరాల్డ్‌కీ జీపుకీ విడి ఫ్రేము ఉంటుంది కాబట్టి అక్కడ ఎదురయ్యే ప్రశ్న వేరు: ఈ బాడీ ఈ ఫ్రేము మీద పుట్టిందేనా?

పెన్సిల్ ప్రింటు ఎలా తీయాలంటే, నంబరున్న చోట మడ్డిని కిరసనాయిల్లో తడిపిన గుడ్డతో పది నిమిషాలు నాననివ్వండి. తర్వాత ఇత్తడి తీగల మెత్తని బ్రష్షుతో అంకెల వరస వెంబడే తోమండి. ఎమెరీ కాగితం, గ్రైండరు మాత్రం దగ్గరికి రానివ్వకండి. అరగదీసిన గుర్తు చుట్టూ ఉంటే, నంబరు అసలైనదే అయినా దిద్దినట్టు కనిపిస్తుంది. పొడి గుడ్డతో తుడిచి, పెన్సిలు మొనను పడుకోబెట్టి అంకెల మీద మూడు నాలుగు సార్లు రుద్దండి. వెడల్పాటి సెల్లో టేపును గాలి బుడగ లేకుండా అంటించి, గోటితో నొక్కి, ఒక చివర నుంచి మెల్లగా లాగండి. గ్రాఫైటు టేపుకి అంటుకుని వస్తుంది. దాన్ని తెల్ల కాగితం మీద అంటించి, పక్కన తేదీ, తీసిన చోటు రాయండి. మూడు ప్రింట్లు తీయండి. మొదటి రెండూ సరిగ్గా రావు, మూడోది వస్తుంది. టేపు ఏళ్లు గడిచేకొద్దీ పచ్చబడుతుంది కాబట్టి ప్రింటు తీసిన రోజే స్కాన్ కూడా చేయాలి. చివరగా ఆ చోట వాజిలిన్ పల్చగా పూయండి. బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో తోమిన ఇనుము వారం తిరక్కుండానే తుప్పు పట్టేస్తుంది.

ఫోటో తీసేటప్పుడు ఫ్లాష్ వద్దు. టార్చిని పక్క నుంచి, దాదాపు లోహానికి ఆనించి వెలిగిస్తే అంకెల లోతు నీడగా తేలుతుంది. అంకెల మధ్య ఎడం, లోతు, వరుస వంకర అన్నీ ఆ నీడలోనే తెలుస్తాయి. అంకెలు సరిగ్గా కనిపించకపోతే అలాగే ఉంచండి. “తేలిపోయింది కదా, ఒకసారి గుద్దించేద్దాం” అనే సలహా షెడ్డులో తప్పకుండా వినిపిస్తుంది. రవాణా శాఖ అనుమతి లేకుండా నంబరు తిరిగి గుద్దడమంటే దొంగ బండికి చేసే పనే మన బండికీ చేసుకోవడం.

తర్వాత ఇంజిను నంబరు. అంబాసిడర్లలో ఇది పెద్ద తలనొప్పి. 1489 సీసీ పెట్రోలు ఇంజిను తీసేసి మెటడార్ డీజిల్ ఇంజిను పెట్టించిన బండ్లు మన ప్రాంతంలో కొల్లలు. ఇంజిను మారడం పాపం కాదు. మారిందని రాయకపోవడం తప్పు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం అలాంటి మార్పు సి బుక్‌లోకి ఎక్కాలి. తీసేసిన ఇంజిను షెడ్డు మూలన పడి ఉంటే, అది పని చేయకపోయినా అమ్మేయకండి. కిలోల లెక్కన వచ్చే డబ్బు కన్నా నంబరున్న ఆ బ్లాకు విలువే ఎక్కువ.

చిన్న భాగాలు కూడా సాక్ష్యం చెబుతాయి. లూకాస్ డైనమో, డిస్ట్రిబ్యూటరు, స్టార్టరు మీద తయారీ తేదీ అంకెలు గుద్ది ఉండటం మామూలు. మద్రాసులో లూకాస్-టీవీఎస్ మొదలైంది 1961లో. 1959 బండిలో ఆ పేరున్న డైనమో కనిపిస్తే అది తర్వాత మార్చినదే. అలాగే అంబాసిడర్ మార్క్ టూ వచ్చింది 1962లో. 1960 అని రాసి ఉన్న బండికి మార్క్ టూ గ్రిల్లు ఉంటే, గ్రిల్లు మారిందా, సి బుక్‌లో సంవత్సరం తప్పు పడిందా అన్నది వెతకాల్సిన ప్రశ్న. వెంటనే తేల్చేయకండి, ప్రశ్నగానే రిజిస్టరులో రాయండి.

రంగు సంగతికి డిక్కీ లోపలో, డ్యాష్‌బోర్డు కింద కనపడని చోటో చూసుకుని రూపాయి బిళ్లంత జాగాలో 800 నంబరు వాటర్ పేపరుతో గుండ్రంగా, మధ్యలో లోతుగా, అంచుల్లో తేలిగ్గా రుద్దండి. ఒక్కో పొరా ఒక్కో వలయంగా బయటపడుతుంది. అన్నిటికన్నా లోపలి వలయం ప్రైమరు, దాని మీదది మొదటి రంగు. ఆ వలయాలను స్కేలు పెట్టి ఫోటో తీయండి. బండిని పెయింటుకి ఇచ్చే ముందు ఈ పని జరగాలి. ఒకసారి మొత్తం గీకేశాక మొదటి రంగు చెప్పగలిగే సాక్షి ఇంకెవరూ ఉండరు. పెయింటు మందం మీటరు అద్దెకు దొరికితే ఒక్కో ప్యానెల్‌కి మూడు చోట్ల కొలిచి రాసుకోండి. 500 మైక్రాన్లు దాటితే కింద పుట్టీ ఉన్నట్టే.

రెండో అడుగు: సి బుక్ వెనక పేజీలు

ఇప్పుడు బీరువా తెరవండి. మీ పెన్సిల్ ప్రింటులోని నంబరును సి బుక్‌లోని నంబరుతో అక్షరం అక్షరం పోల్చండి. ఓకీ సున్నాకీ, ఐకీ ఒకటికీ మధ్య తేడాలు సర్వసాధారణం. చేతిరాత పుస్తకాల నుంచి వాహన్ అనే రిజిస్ట్రేషన్ల కంప్యూటర్ వ్యవస్థలోకి ఎక్కించినప్పుడు ఇలాంటివి చాలా దొర్లాయి. పాత బండి అసలు ఆన్‌లైన్లో కనిపించకపోతే కంగారు పడకండి. చేతిరాత రికార్డు ఇంకా ఎక్కలేదన్నమాట. అసలు సి బుక్, ఇన్సూరెన్సు పట్టుకుని ఆర్టీవో ఆఫీసులో బ్యాక్‌లాగ్ ఎంట్రీ చేయమని అర్జీ పెట్టాలి. అర్జీకి అందినట్టు ముద్ర వేయించుకుని ఆ కాపీని ఫైలులో పెట్టండి.

పాత పుస్తకం సి బుక్‌లో విలువైనది మొదటి పేజీ కాదు, వెనకవి. పేరు మార్పిడులు, చిరునామా మార్పులు, ఫైనాన్సు ఎంట్రీలు, బ్రేక్ ఇన్‌స్పెక్టరు సంతకాలు, రంగు మార్పు, ఇంధనం మార్పు, అన్నీ అక్కడే. స్మార్ట్ కార్డు తీసుకునేటప్పుడు పాత పుస్తకం వెనక్కి ఇచ్చేయమంటే, ముందే ప్రతి పేజీనీ, ఖాళీ పేజీలతో సహా, రంగుల్లో స్కాన్ చేయించండి. ఖాళీ పేజీలెందుకంటే, మధ్యలో పేజీ చింపలేదని చూపడానికి.

పుస్తకమే లేకపోతే ఫారం 26తో డూప్లికేటుకి దరఖాస్తు పెట్టుకోవాలి, పోలీసు ఫిర్యాదు కాపీ కూడా ఉండాలి. దానితో పాటు బి రిజిస్టర్ ఎక్స్‌ట్రాక్టు, అంటే ఆర్టీవో ఆఫీసు రికార్డులో మీ బండి వివరాల నకలు, అడగండి. బండి మీ పేరున ఉంటే అడగడానికి మీకు హక్కుంది. నోటి మాటతో పని కాకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో అడగవచ్చు. జవాబు గడువు 30 రోజులు. “బండి వివరాలన్నీ ఇవ్వండి” అని రాస్తే వచ్చేది ఒక లైను. “ఫలానా నంబరు వాహనం మొదటి రిజిస్ట్రేషన్ తేదీ, అప్పుడు నమోదైన ఇంజిన్, ఛాసిస్ నంబర్లు, రంగు, పేరు మార్పిడి జరిగిన తేదీలు, ఇతర జిల్లా లేదా రాష్ట్రం నుంచి వచ్చి ఉంటే ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) నంబరు, తేదీ” అని విడివిడిగా అడగండి. పాత యజమానుల ఇళ్ల చిరునామాలు వ్యక్తిగత సమాచారమని నిరాకరించవచ్చు. తేదీలు దొరికితే మీ పని జరిగినట్టే.

మూడో అడుగు: యజమానుల గొలుసు

రిజిస్టరులో ఒక కొత్త పేజీ తీసి, నిలువుగా సంవత్సరాలు వేయండి. తయారైన సంవత్సరం నుంచి ఈ సంవత్సరం దాకా, ఏడాదికో గీత. ఏ ఏడాది బండి ఎవరి దగ్గర, ఏ ఊళ్లో, ఏ నంబరుతో ఉందో నింపుకుంటూ రండి. అసలు కాగితం లేదా ఇనుము ఆధారమైతే “క” అని, కాపీ లేదా సంతకం పెట్టిన వాంగ్మూలమైతే “ఖ” అని, విన్న మాటైతే “గ” అని పక్కన గ్రేడు వేయండి. అప్పుడు ఖాళీలు వాటంతటవే కనపడతాయి.

మన ప్రాంతంలో ఈ గొలుసు తెగినట్టు కనిపించే చోట్లు కొన్ని ఉన్నాయి. నిజానికి తెగి ఉండదు. ఊరు కదలకుండానే జిల్లా మారింది. శ్రీకాకుళం 1950లో విశాఖ నుంచి విడిపోయింది, విజయనగరం జిల్లా 1979లో ఏర్పడింది, అనకాపల్లి 2022లో. జయపురం వైపు కోరాపుట్ ప్రాంతం 1936 దాకా విశాఖపట్నం జిల్లాలోనే ఉంది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన 1953 అక్టోబరు 1కి ముందు రిజిస్టరైన బండికి మద్రాసు రాష్ట్రం నంబరు ఉంటుంది. జమీందారీ ఇళ్ల బండ్లలో ఇది తరచూ కనిపిస్తుంది. 1989 జూలై 1న కొత్త మోటారు వాహనాల చట్టం వచ్చాక విశాఖకి ఏపీ 31 మొదలైంది, 2019లో రాష్ట్రమంతటికీ ఒకటే కోడుగా ఏపీ 39 వచ్చింది. అందుచేత 1960ల నాటి బండికి ఏపీ 31 నంబరుందంటే, దాని వెనక ఇంకో నంబరు ఉండి తీరాలి. ఆ నంబరు దొరక్కపోతే సగం చరిత్ర దొరకనట్టే.

విశాఖకి మరో ప్రత్యేకత నేవీ. బొంబాయి, కొచ్చిన్, ఢిల్లీల నుంచి బదిలీ మీద వచ్చిన అధికారులు తెచ్చి, వెళ్లేటప్పుడు ఇక్కడ అమ్మేసిన బండ్లు చాలా ఉన్నాయి. వేరే రాష్ట్రం బండి ఇక్కడ 12 నెలలు దాటితే కొత్త నంబరు తీసుకోవాలి. అలాంటి బండికి ఫారం 28 ఎన్‌ఓసీ కాపీయే రెండు రాష్ట్రాల మధ్య వంతెన. అది పోతే, ఎన్‌ఓసీ ఇచ్చిన ఆర్టీవోకి పాత నంబరుతో రాయాలి.

కంపెనీ బండ్లలో ఇంకో చిక్కు. 1957లో మొదలైన ఇక్కడి కాల్టెక్స్ రిఫైనరీ 1978లో హెచ్‌పీసీఎల్‌లో కలిసింది. సింధియా షిప్‌యార్డు 1952లో హిందుస్థాన్ షిప్‌యార్డు అయింది. ఇలా కాగితాల మీద పేరు మారినంత మాత్రాన యజమానుల లెక్కలో ఒకటి పెంచేయకూడదు. వేలంలో అమ్మిన బండికి వేలం ఖరారు ఉత్తరం ఉండాలి, సి బుక్‌లో ఫారం 32 ద్వారా జరిగిన మార్పిడి ఉండాలి.

యజమాని చనిపోయి వారసులకు వచ్చిన బండి అయితే ఫారం 31, మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసుల సమ్మతి. ఈ కట్ట లేకుండానే “నాన్నగారి బండి, మా అన్నయ్యే అమ్మాడు” అన్న మాట మీద చేతులు మారిన బండ్లున్నాయి. పాతికేళ్ల తర్వాత ఒక చెల్లెలు ఫోన్ చేసి అడిగితే సమాధానం ఉండదు.

నాలుగో అడుగు: బిల్లు నిజమా కాదా

పాత కాగితాలకు గిరాకీ పెరిగాక పాత కాగితాలు “తయారవడం” కూడా మొదలైంది. లెటర్‌హెడ్డు చూడగానే మురిసిపోకుండా తేదీతో సరిచూడండి. దశాంశ నాణేలు 1957 ఏప్రిల్ 1 నుంచి వచ్చాయి. 1964 జూన్ దాకా వాటిని నయా పైసలనేవారు. 1955 బిల్లులో నయా పైసలు ఉండవు. మార్పు వచ్చిన మొదట్లో మాత్రం అణాలూ పైసలూ కలిసి చలామణి అయ్యాయి కాబట్టి 1958 బిల్లులో అణాలు కనిపిస్తే వెంటనే దొంగ అనేయకండి. పిన్‌కోడ్ వచ్చింది 1972 ఆగస్టు 15న. 1968 బిల్లు మీద ఆరంకెల పిన్‌కోడ్ అచ్చు వేసి ఉంటే అది 1968లో అచ్చయిన కాగితం కాదు. రాష్ట్రంలో వ్యాట్ 2005 ఏప్రిల్ 1న, జీఎస్టీ 2017 జూలై 1న వచ్చాయి. పన్ను నంబరు ఆ కాలానికి తగ్గట్టు ఉందో లేదో చూడాలి. మీటరు రీడింగు పాత బండ్లలో మైళ్లలో ఉంటుంది. అయిదంకెల మీటరు 99,999 దాటగానే మళ్లీ సున్నాకి వస్తుంది, కాబట్టి రీడింగు తగ్గిన ప్రతిసారీ మోసమని అర్థం కాదు. మీటరు మార్చి ఉండొచ్చు, కేబుల్ తెగి రెండేళ్లు నడిచి ఉండొచ్చు. ఎక్కడ తగ్గిందో రాయండి, కారణం తెలిస్తే రాయండి.

కచ్చా బిల్లులు పారేయకండి. చిన్న చీటీ మీద “రీబోర్, ప్లస్ 20” అని ఒక లేత్ షాపు రాసి ఉంటే, పెద్ద కంపెనీ ఇన్వాయిస్ కన్నా అదే ఎక్కువ చెబుతుంది. ప్లస్ 20 అంటే సిలిండరు బోరును అంగుళంలో వెయ్యికి 20 వంతులు, అంటే 0.508 మిల్లీమీటర్లు పెంచారని. అంబాసిడర్ 1489 సీసీ పెట్రోలు ఇంజిను అసలు బోరు 73.025 మి.మీ. రేపు హెడ్డు విప్పినప్పుడు కొలిస్తే 73.53 దగ్గర రావాలి. వస్తే చీటీ, ఇనుము ఒకే మాట చెప్పినట్టు. ఆ ఎంట్రీకి “క” వేయొచ్చు.

ఎంట్రీ ఇలా ఉంటే చాలు: “1971 జూన్, రోజు తెలియదు. ఇంజిన్ రీబోర్, ప్లస్ 20 పిస్టన్లు. మీటరు 41,260 మైళ్లు. ఆధారం: కచ్చా చీటీ, కవరు 34. హెడ్డు విప్పినప్పుడు కొలిచి సరిచూశాం, 73.53. గ్రేడు క.” “బాగా పని చేసింది”, “అద్భుతమైన కండిషన్” లాంటి మాటలు రిజిస్టరులోకి రానివ్వకండి.

అయిదో అడుగు: విదేశీ రికార్డులు

బ్రిటన్‌లో పుట్టిన మోరిస్, ఆస్టిన్, ఎంజీ, స్టాండర్డ్ లాంటి బండ్లకు గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఫీజు తీసుకుని హెరిటేజ్ సర్టిఫికెట్ ఇస్తుంది. తయారైన తేదీ, మొదటి ఇంజిను నంబరు, రంగు, ఎక్కడికి పంపారు అన్నవి ఫ్యాక్టరీ లెడ్జర్ల నుంచి తీసి రాస్తారు. టూరిన్‌లో ఫియట్‌కీ ఇలాంటి ఏర్పాటుంది. అయితే ఉత్తర్‌పారాలో తయారైన అంబాసిడర్‌కీ, కుర్లాలో తయారైన ఫియట్‌కీ వీటితో పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. భాగాలుగా వచ్చి ఇక్కడ బిగించిన బండి రంగు, సీటు గుడ్డ వివరాలు అక్కడి పుస్తకాల్లో ఉంటాయని ఆశించకండి. డబ్బు కట్టే ముందు మీ ఛాసిస్ నంబరు వరస తమ దగ్గర ఉందా అని ఈమెయిల్ పెట్టి కనుక్కోవడం మంచిది.

దిగుమతి బండికి బిల్ ఆఫ్ ఎంట్రీయే, అంటే దిగుమతి వివరాలున్న కస్టమ్స్ పత్రమే జన్మపత్రం. అది లేని విదేశీ బండిని ఎంత ముద్దొచ్చినా కొనకండి.

ఆరో అడుగు: మనుషులు, వాళ్ల జ్ఞాపకాలు

ఇది వాయిదా వేయకూడని పని. కాగితం ఇంకో పదేళ్లు ఆగుతుంది, డ్రైవరు తాతగారు ఆగరు. పాత యజమాని కుటుంబం, బండి నడిపిన డ్రైవరు, చూసిన మెకానిక్, ఈ వరుసలో వెళ్లండి. యజమానుల కన్నా డ్రైవర్లకే ఎక్కువ గుర్తుంటుంది. గేర్‌బాక్సు ఎప్పుడు దించారో యజమానికి తెలియకపోవచ్చు, దించిన రోజు బండి కింద పడుకున్నవాడికి తెలుసు.

“ఏ సంవత్సరం?” అని అడిగితే “చాలా ఏళ్లయింది బాబూ” అంటారు. సంఘటనలతో అడగండి. “ఉక్కు ఉద్యమం గొడవలప్పటికి బండి ఉందా?” అంటే అది 1966. “జై ఆంధ్రా రోజుల్లోనా?” అంటే 1972, 73. ఎమర్జెన్సీ అంటే 1975-77. హుద్‌హుద్ అంటే 2014 అక్టోబరు 12, ఇది ఎవరూ మరిచిపోరు. పెద్దమ్మాయి పెళ్లికి ముందా తర్వాతా, అబ్బాయి ఏవీఎన్ కాలేజీలో చేరినప్పటికి ఉందా, ఇలా కుటుంబం తేదీలు ఇంకా బాగా పనికొస్తాయి. జవాబును మీరే అందించకండి. “అప్పుడు నీలం రంగే కదండీ?” అంటే అవుననే అంటారు. “ఏ రంగు?” అని అడిగి ఊరుకోండి.

అనుమతి అడిగి ఫోన్లో రికార్డు చేయండి. ఇంటికొచ్చాక ఒక పేజీ రాసి, మళ్లీ తీసుకెళ్లి చదివి వినిపించి, సంతకం, తేదీ తీసుకోండి. ఆ పేజీ “ఖ” గ్రేడు అవుతుంది. వినిపించినప్పుడు దిద్దుబాట్లు చెబితే కొట్టివేసి పక్కన రాయండి, పేజీ తిరగరాయకండి.

పాత ఫోటోల కోసం పెళ్లి ఆల్బమ్ అడగండి. పెళ్లికొడుకు ఊరేగిన కారు అందరిళ్లలోనూ ఉంటుంది. చిక్కేమిటంటే నంబరు ప్లేటు మీద బంతిపూల దండ వేలాడుతూ ఉంటుంది. గృహప్రవేశం, తిరుపతి ప్రయాణం, కైలాసగిరి పిక్నిక్ ఫోటోల్లో ప్లేటు బయటపడే అవకాశం ఎక్కువ. నెగటివ్‌లు ఉంటే ప్రింటు కన్నా అవే ముఖ్యం. ఆల్బమ్‌లో అతికించిన ఫోటోను పీకకండి, ఆల్బమ్‌తోనే స్కాన్ చేయండి. ఫోటో వెనక రాయాల్సి వస్తే మెత్తని పెన్సిలుతో, అంచున. బాల్‌పెన్ను నొక్కు ముందువైపుకి తేలుతుంది. పాత పేపర్లు చూడాలనుకుంటే ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయం, ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని వీఎస్ కృష్ణా గ్రంథాలయం నుంచి మొదలుపెట్టవచ్చు.

ఏడో అడుగు: ఇప్పుడు జరిగే పని

మీ చేతిలో జరిగే మరమ్మతే రేపటికి చరిత్ర. షెడ్డులో బండి విప్పే ముందు నాలుగు మూలల నుంచి, పైనుంచి, కింద నుంచి ఫోటోలు. విప్పిన ప్రతి భాగానికీ చీటీ. తీసేసిన పాత భాగం మీ డిక్కీలోకి రావాలని మెకానిక్‌కి ముందే చెప్పండి. లేకపోతే సాయంత్రానికి పాత సామాను కొట్టుకి వెళ్లిపోతుంది. కొత్త భాగం ఏ బండిదో రాయండి. ఫియట్‌కి మారుతి భాగం పెడితే మారుతిదనే రాయండి.

చారిత్రక వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 2012లో ఆమోదించిన టూరిన్ చార్టర్ కూడా చేసిన మార్పులు గుర్తించగలిగేలా, నమోదయ్యేలా ఉండాలంటుంది. కొత్తగా వేసిన రేకుకి లోపలివైపు చిన్న గుర్తుతో సంవత్సరం రాయడం ఇందుకు సులువైన పద్ధతి.

ఎనిమిదో అడుగు: విశాఖ గాలి నుంచి కాపాడటం

మన ఊళ్లో కాగితానికి మొదటి శత్రువు తేమ. స్టేప్లర్ పిన్ను ఒక్క వానాకాలంలో తుప్పు పట్టి కాగితాన్ని తింటుంది. పిన్నులు, గుండుసూదులు, రబ్బరు బ్యాండ్లు అన్నీ తీసేయండి. సి బుక్‌ను లామినేషన్ చేయించడం ఈ పని మొత్తంలో అతి పెద్ద పొరపాటు. వేడికి ముద్రల సిరా చెదురుతుంది, మళ్లీ విప్పడం కుదరదు, ప్లాస్టిక్ కింద కాగితాన్ని ఎవరూ పరీక్షించలేరు. చిరుగులకు సెల్లో టేపు కూడా వద్దు. పీవీసీ కవర్లలో అక్షరాలు ప్లాస్టిక్‌కి అంటుకుపోతాయి. పాలీప్రొపిలీన్ లేదా పాలిస్టర్ కవర్లు వాడండి. పెట్రోలు బంకు, విడిభాగాల దుకాణం ఇచ్చే థర్మల్ బిల్లులు రెండు మూడేళ్లకే తెల్లబోతాయి. తెచ్చిన రోజే జిరాక్సు తీయించండి.

20 లీటర్ల డబ్బాకి 100 గ్రాముల సిలికా జెల్ గుడ్డ సంచిలో పెట్టండి. నీలం గుళికలు గులాబీకి తిరిగితే ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఆరబెట్టి తిరిగి వాడుకోవచ్చు. ఆ నీలంలో కోబాల్టు ఉంటుంది కనుక వంట ఓవెన్, వంటగిన్నె వాడకండి, పిల్లలకు అందనివ్వకండి. డబ్బా అటక మీద వద్దు, బయటి గోడకి ఆనిన బీరువాలో వద్దు. ఇంటి మధ్య గదిలో, నేలకి రెండడుగుల పైన ఉంచండి.

కాగితాలు తడిస్తే ఎండలో పరవకండి. వంకరపోయి రంగు వెలిసిపోతాయి. నీడలో ఫ్యాను కింద, మధ్య మధ్య తెల్ల బ్లాటింగ్ కాగితం పెట్టి ఆరబెట్టండి. ఒక్క రోజులో ఆరనంత కట్ట ఉంటే ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఫ్రీజర్‌లో పెట్టేయండి. 48 గంటలు దాటితే బూజు మొదలవుతుంది, చలి దాన్ని ఆపుతుంది. తర్వాత తీరిగ్గా కొన్ని కొన్ని తీసి ఆరబెట్టుకోవచ్చు.

స్కానింగ్‌కి కాగితాలైతే 300 డీపీఐ, ఫోటోలు, పెన్సిల్ ప్రింట్లు, ముద్రలైతే 600. నలుపు తెలుపులో చేయకండి. సిరా రంగే కొన్నిసార్లు తేదీ చెబుతుంది. ఫైలు పేరు సంవత్సరం, నెల, రోజుతో మొదలైతే కంప్యూటరే వరుసలో పెట్టేస్తుంది. మూడు కాపీలు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి వేరే ఊళ్లో. హైదరాబాదులో ఉన్న కూతురి దగ్గర ఒక హార్డ్ డిస్కు ఉంటే చాలు. హుద్‌హుద్‌లో ఒకే ఇంట్లో ఉన్న మూడు కాపీలూ ఒకేసారి తడిసేవి. వాట్సాప్‌లో పంపుకున్న ఫోటోను కాపీ అనుకోకండి, అది కుదించి పంపుతుంది.

తొమ్మిదో అడుగు: వింటేజ్ రిజిస్ట్రేషన్

2021 జూలైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో వింటేజ్ వాహనాలకు విడి ఏర్పాటు వచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన రెండు చక్రాల, నాలుగు చక్రాల వాహనాలు, ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉంటే దీనికి అర్హం. పరివాహన్ పోర్టల్లో ఫారం 20తో దరఖాస్తు, దానితో ఇన్సూరెన్సు, పాత సి బుక్, దిగుమతి బండి అయితే బిల్ ఆఫ్ ఎంట్రీ. ఫీజు 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్లు, తర్వాత పొడిగింపుకి 5,000. కొత్తగా ఇచ్చే నంబరులో రాష్ట్రం కోడ్ తర్వాత వీఏ అనే అక్షరాలుంటాయి. ఇప్పటికే రిజిస్టరై ఉన్న బండి తన పాత నంబరే ఉంచుకోవచ్చు. దరఖాస్తు పెట్టేటప్పుడే ఆ మాట స్పష్టంగా రాయండి.

ఒక షరతు మరిచిపోకండి. వింటేజ్‌గా నమోదైన బండిని రోజువారీ తిరుగుడికీ, కిరాయికీ వాడకూడదు. ప్రదర్శన, ర్యాలీ, పెట్రోలు, మరమ్మతు లాంటి వాటికే రోడ్డెక్కాలి. ఆదివారం పొద్దున్న రుషికొండ దాకా వెళ్లొచ్చే అలవాటుంటే మామూలు రిజిస్ట్రేషన్‌ను ఫారం 25తో అయిదేళ్లకోసారి పొడిగించుకోవడమే మేలు. డీజిల్ ఇంజిను పెట్టించిన అంబాసిడర్‌కి “అసలు రూపం” అన్న మాట దగ్గరే అడ్డు పడుతుంది. మూలన దాచిన పాత బ్లాకు అప్పుడు గుర్తొస్తుంది.

పదో అడుగు: అమ్మేటప్పుడు

చూడ్డానికి వచ్చిన ప్రతివాడికీ ఫైలు ఇవ్వకండి. ఏడాదికో గీత ఉన్న పేజీ, పెన్సిల్ ప్రింటు ఫోటోలో చివరి నాలుగంకెలు మూసి, పది పన్నెండు స్కాన్లు చాలు. నంబరు మొత్తం బయటికి పోతే దానితో ఇంకో బండికి కాగితాలు పుట్టే ప్రమాదం ఉంది. పాత యజమానుల ఆధార్ జిరాక్సులు, ఫోన్ నంబర్లు ముందే వేరు చేయండి.

బేరం కుదిరాక ఫారం 29, 30 మీద సంతకాలతో పాటు డెలివరీ నోటు రాసుకోండి. అందులో తేదీ ఒక్కటే కాదు, గంట, నిమిషం, మీటరు రీడింగు, ఫైలులో ఎన్ని కవర్లు ఇచ్చారో ఆ సంఖ్య కూడా ఉండాలి. రాష్ట్రం లోపలే అయితే అమ్మినవారు 14 రోజుల్లో ఆర్టీవోకి తెలపాలి, వేరే రాష్ట్రానికైతే గడువు 45 రోజులు. అసలు కాగితాలన్నీ బండితో వెళ్లిపోతాయి. స్కాన్ల కాపీ ఒకటి, డెలివరీ నోటు మీ దగ్గర ఉంచుకుని, రిజిస్టరు చివరి గీతలో కొత్త యజమాని ఊరి పేరు, తేదీ రాసి సంతకం చేసి ఇవ్వండి.